బందరు సినీఫాన్ తీసిన నర్తనశాల

1936లో తెలుగు ప్రేక్షకుల ముందుకు ఒకే ఏడాది ఇద్దరు ద్రౌపదులు వచ్చారు. లక్ష్మీ ఫిలిమ్స్ వారిది 'ద్రౌపదీ వస్త్రాపహరణం', సరస్వతీ టాకీస్ వారిది 'ద్రౌపదీ మానసంరక్షణం'. కథ ఒకటే, కొలువు ఒకటే, పాచికలూ అవే. మొదటి బొమ్మలో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, కృష్ణుడు సీఎస్సార్ ఆంజనేయులు, ద్రౌపది కన్నాంబ. రెండో బొమ్మలో దుర్యోధనుడు బళ్ళారి రాఘవ, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు. వసూళ్ల పందెంలో మొదటి బొమ్మ నెగ్గింది. కానీ ఏది ఎందుకు బాగుంది, ఏది ఎక్కడ తప్పింది అన్నది టిక్కెట్ల కిటికీ దగ్గర తేలే సంగతి కాదు. దాన్ని తేల్చడానికి బందరులో ఒక కుర్రాడు కలం పట్టాడు.

ఆ కుర్రాడి పేరు కమలాకర కామేశ్వరరావు. 1911లో పుట్టి, బీయే చదివి, ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో బందరు నుంచి వెలువడే కృష్ణాపత్రికలో సినిమా సమీక్షలు రాసేవాడు. కలంపేరు 'సినీఫాన్'. రెండు ద్రౌపదులనూ పక్కపక్కన నిలబెట్టి ఆయన రాసిన విమర్శ సినిమా వాళ్ల కళ్లలో పడింది. 'సినీఫాన్' అనే పేరులోనే ఒక తమాషా ఉంది. ఫాన్ అంటే చప్పట్లు కొట్టేవాడనుకుంటాం. ఈ ఫాన్ తప్పులు పట్టేవాడు. ఇష్టం ఉంది కనుకనే నిలదీసే రకం. కృష్ణా తీరంలో పాత సినిమాల అభిమానానికి మొదటినుంచీ ఉన్న స్వభావం ఇదే.

వన్స్ మోర్ నేర్పిన చదువు

ఈ పోల్చి చూసే అలవాటు సినిమాతో రాలేదు, నాటకంతో వచ్చింది. టాకీలు రాకముందే కృష్ణా, గుంటూరు జిల్లాల ఊళ్లలో పద్యనాటకం తెల్లవార్లూ నడిచేది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పద్యాలు చదువు రానివాడికీ కంఠస్థం. రాయబారం ఎలా ముగుస్తుందో తెలుసుకోవడానికి ఎవరూ చాప వేసుకుని కూర్చోలేదు. నిన్నటి కృష్ణుడికంటే ఇవాళ్టి కృష్ణుడు ఆ పద్యాన్ని ఎలా ఎత్తుకున్నాడు, ఎక్కడ విరిచాడు, ఎక్కడ వదిలాడు అన్నదే చూసేవారు. నచ్చితే వన్స్ మోర్, నచ్చకపోతే ఈలలు.

మైలవరం నాటక సమాజం లాంటి కంపెనీల్లో రాటుదేలిన నటులే తర్వాత టాకీల్లోకి వెళ్లారు. యడవల్లి సూర్యనారాయణ ఆ దారిన వచ్చినవాడే. బళ్ళారి రాఘవది వేరే బాట. రాగాల సాగదీతను పక్కకు పెట్టి భావానికి పెద్దపీట వేయాలన్నది ఆయన పట్టుదల. కనుక 1936లో ఇద్దరు దుర్యోధనులను పోల్చడమంటే రెండు నటనా పద్ధతులను పోల్చడమే. ఆ బరువు తెలిసినవాళ్లే కింద బెంచీల మీద కూర్చున్నారు.

బెజవాడకు సినిమా హాలు కూడా తొందరగానే వచ్చింది. పోతిన శ్రీనివాసరావు కట్టించిన మారుతీ టాకీస్ 1921లో మొదలైంది. అప్పటికి సినిమాకు మాటలే రాలేదు. దుర్గాకళామందిరం నాటకాలకూ సినిమాలకూ వేదికైంది. తర్వాత గాంధీనగర్ చుట్టూ పంపిణీదారుల ఆఫీసులు వెలిశాయి. నవయుగ ఫిలిమ్స్ లాంటి పెద్ద సంస్థలు ఇక్కడినుంచే నడిచాయి. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణ, గుంటూరు, నెల్లూరు అంటూ సినిమా వ్యాపారం రాష్ట్రాన్ని ముక్కలుగా పంచుకున్నప్పుడు కృష్ణా జిల్లా ఒక్కటే ఒక ఏరియా అయింది. మద్రాసులో తీసిన బొమ్మ నిలుస్తుందో లేదో బెజవాడ మొదటాట చూసినవాళ్లను అడిగితే చాలనే నమ్మకం ఆ వ్యాపారంలో చాలాకాలం ఉండేది. ప్రేక్షకుడి అభిప్రాయానికి ఇక్కడ ధర కూడా ఉందన్నమాట.

కలం నుంచి మెగాఫోన్‌కు

'సినీఫాన్' బందరులో ఎక్కువకాలం ఉండలేదు. మద్రాసు వెళ్లి హెచ్.ఎం. రెడ్డి దగ్గర 'గృహలక్ష్మి' (1938)కి పనిచేశారు. తర్వాత బి.ఎన్. రెడ్డి మొదలుపెట్టిన వాహినిలో చేరారు. 'వందేమాతరం', 'సుమంగళి', 'దేవత' వచ్చిన రోజులవి. అక్కడే కె.వి. రెడ్డితో స్నేహం కుదిరింది. సన్నివేశం ఎంతసేపు ఉండాలో స్టాప్‌వాచీ పట్టుకుని లెక్కగట్టిన దర్శకుడు కె.వి. అలాంటివాడితో కలిసి కామేశ్వరరావు 'పాతాళభైరవి' (1951) స్క్రీన్‌ప్లేకు పనిచేశారు.

విమర్శకుడు దర్శకుడైతే జనం ముందు అడిగేది, ఇంతకాలం ఊళ్లో వాళ్లకు వంకలు పెట్టావు కదా, నువ్వు తీసి చూపించు అనే. కామేశ్వరరావు తీసిన మొదటి సినిమా 'చంద్రహారం' (1954). విజయా వారి బొమ్మ, మార్కస్ బార్ట్‌లే కెమెరా, ఘంటసాల సంగీతం, ఎన్టీఆర్ నాయకుడు. అన్నీ ఉన్నా ఆడలేదు. పెద్ద సంస్థలో మొదటి ప్రయత్నానికే దెబ్బ తగిలిన దర్శకుడు మళ్లీ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది. 1960లో అక్కినేనితో 'మహాకవి కాళిదాసు' తీశారు. 1962 ఆయనకు కలిసొచ్చిన సంవత్సరం. గుమ్మడి తిమ్మరుసుగా 'మహామంత్రి తిమ్మరుసు', సూర్యకాంతం గుండమ్మగా 'గుండమ్మ కథ' రెండూ ఆ ఏడాదివే.

'గుండమ్మ కథ'ను పాత సినిమాల అభిమానులు నాలుగైదుసార్లు చూసి వదిలిపెట్టరు. తెనాలి ప్రాంతపు చక్రపాణి నిర్మాత, డి.వి. నరసరాజు మాటలు, పింగళి పాటలు. ఎన్టీఆర్, అక్కినేని, సావిత్రి, జమున నలుగురూ అప్పటికే తీరిక లేని తారలు. ఒకరి డేట్లు కుదిరితే ఇంకొకరివి కుదరలేదు. రెండు జంటలూ కలిసి పాడుకునే పాటలో నలుగురూ ఒకే ఫ్రేములో కనిపించరని ఈ బొమ్మను నమిలి మింగినవాళ్లు చెప్తారు. ఒకసారి ఆ మాట విన్నాక ఆ పాట చూసే తీరు మారిపోతుంది. ఎక్కడ కోశారు, ఎక్కడ అతికించారు అని కళ్లు వెతుకుతాయి. అయినా పాట హాయి తగ్గదు. పైగా కత్తెర పట్టినవాడి మీద గౌరవం పెరుగుతుంది.

మీసాల నాగమ్మ, మీసం లేని బృహన్నల

విజయవాడలోని భవానీపురం వాసులకు ఇంద్రకీలాద్రి రోజూ కనబడే కొండ. అర్జునుడు శివుడి కోసం తపస్సు చేసి పాశుపతం పొందింది ఇక్కడేనని స్థలపురాణం. విజయుడి పేరు మీదే ఊరికి విజయవాడ అని పేరొచ్చిందనీ అంటారు. పాశుపతం తర్వాత అర్జునుడు స్వర్గానికి వెళ్లడం, ఊర్వశి శాపం, అజ్ఞాతవాసం, బృహన్నల వేషం, ఇదంతా 1963 అక్టోబరులో విడుదలైన 'నర్తనశాల' కథ. కొండ కింద ఉన్నవాళ్లకు ఆ బొమ్మ మీద ఒక పాలు ఎక్కువ హక్కు ఉందనిపిస్తే తప్పేం లేదు. పైగా దాన్ని తీసినవాళ్లలో సగంమంది ఈ చుట్టుపక్కలవాళ్లే.

నిర్మాత లక్ష్మీరాజ్యం బెజవాడ ప్రాంతపు నటి. దర్శకుడు బందరు సినీఫాన్. అర్జునుడు ఎన్టీఆర్ నిమ్మకూరు వాడు. కీచకుడు ఎస్.వి. రంగారావు నూజివీడులో పుట్టాడు. సినిమాల్లోకి రాకముందు బందరులో ఫైర్ ఆఫీసరుగా కూడా పనిచేశాడు. ద్రౌపది సావిత్రిది కృష్ణకు అవతలి ఒడ్డున చిర్రావూరు, పెరిగింది బెజవాడలో. అభిమన్యుడు శోభన్‌బాబుదీ కృష్ణా జిల్లాయే. భీముడి వేషం వేసింది గండిగుంటకు చెందిన వెయిట్ లిఫ్టర్ దండమూడి రాజగోపాల్. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. నృత్యాలు కూర్చింది కూచిపూడి నుంచి వచ్చిన వెంపటి పెదసత్యం.

ఎన్టీఆర్ బెజవాడ ఎస్సారార్ కాలేజీలో చదివేటప్పుడు విశ్వనాథ సత్యనారాయణ పూనికతో వేసిన నాటకంలో నాగమ్మ అనే ఆడవేషం కట్టారు. మీసం తీయమంటే ససేమిరా అన్నారు. ఆ పట్టుదలకు 'మీసాల నాగమ్మ' అనే పేరొచ్చింది. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత అదే మనిషి బృహన్నలగా కనిపించడానికి ఒప్పుకున్నారు. అప్పటికి ఆయన తెలుగువాళ్లకు కృష్ణుడూ రాముడూ. పౌరాణిక వీరుడు అనే ముద్ర పడ్డ నటుడు నడుము ఊపుతూ నడవాలంటే జనం నవ్వేస్తారేమోనన్న భయం ఉంటుంది. ఆ నవ్వు రాకుండా కాపాడింది ఆయన పాటించిన హద్దు. బృహన్నల ఎక్కడా వెకిలిగా ఉండదు. చూపులో అర్జునుడు దాగి ఉంటాడు. ఉత్తరకుమారుడు రేలంగి యుద్ధం చూసి పారిపోతుంటే ఆపే ఘట్టంలో ఆ దాగినవాడు మెల్లగా పైకి వస్తాడు. తిక్కన విరాటపర్వం పద్యాలు ఘంటసాల గొంతులో మొదలవుతాయి. అంతసేపూ అణచిపెట్టింది అక్కడ విడుదలవుతుంది.

రంగారావు కీచకుడిది మరో పద్ధతి. కీచకుడంటే కళ్లెర్రజేసి కేకలు పెట్టేవాడిగా నాటకాల్లో అలవాటు. రంగారావు కీచకుడు మత్తుగా ఉంటాడు. అడిగింది దొరకడం అలవాటైనవాడి బద్ధకం అతని నడకలో ఉంటుంది. సైరంధ్రి కాదన్నప్పుడు అతనికి కోపంకంటే ముందు ఆశ్చర్యం కలుగుతుంది. ఈ ముఖాన్నే 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా గుర్తించారు. కళాదర్శకుడు టి.వి.ఎస్. శర్మకూ అక్కడే బహుమతి వచ్చింది. జాతీయ సినిమా పురస్కారాల్లో ఆ ఏడాది 'నర్తనశాల' రెండో ఉత్తమ చిత్రం.

ఇక 1936 నాటి బాకీ. 1965లో కామేశ్వరరావు 'పాండవ వనవాసం' తీశారు. ఎన్టీఆర్ భీముడు, రంగారావు దుర్యోధనుడు, సావిత్రి ద్రౌపది. మాయాజూదంతో మొదలయ్యే కథ అది. పాతికేళ్ల వయసులో ఇద్దరు ద్రౌపదులను పోల్చి రాసిన సినీఫాన్, యాభై దాటాక అదే సభను తన చేత్తో అమర్చుకున్నారు. విమర్శకుడు కాగితం మీద కోరుకున్నది దర్శకుడు తెర మీద ఎంతవరకు చేయగలిగాడో చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి అవకాశం తెలుగు సినిమాలో లేదు.

తాతగారి శిష్యవాటిక

పాత సినిమాల పిచ్చి ఉన్నవాళ్లలో రెండు తెగలు. ఒక తెగ బొమ్మ కోసం పాట వింటుంది. ఇంకో తెగ పాట కోసం బొమ్మ చూస్తుంది. రెండో తెగకు 'నర్తనశాల' ఒక నిధి.

బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పే కల్యాణి రాగపు యుగళగీతాన్ని పాడింది మంగళంపల్లి బాలమురళీకృష్ణ, బెంగుళూరు లత. స్వరం కట్టింది సుసర్ల దక్షిణామూర్తి. ఈయనది కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లి. ఇదే పేరున్న వీరి తాతగారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ఆ ఊళ్లో పెద్ద సంగీత గురువు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి శిష్యుడు బాలమురళి. అంటే తాతగారి శిష్యుడి శిష్యుడు మనవడి బాణీ పాడాడు. మద్రాసు స్టూడియోలో రికార్డయిన ఆ కొద్ది నిమిషాల పాట వెనక కృష్ణా ఒడ్డున మూడు తరాలుగా నడిచిన పాఠం ఉంది. బాలమురళి విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు, ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా కూడా ఉన్నారు. ఆ కళాశాలకు ఇప్పుడు ఘంటసాల పేరు ఉంది.

ఘంటసాలది గుడివాడ దగ్గర చౌటపల్లి. 1922 డిసెంబరులో పుట్టారు. నాటకాల్లో పద్యం అంటే చివర రాగం తీయడమే పెద్ద ఆకర్షణ. తెర మీద ముఖం పెద్దదై కనబడుతున్నప్పుడు అంత రాగం అక్కర్లేదని ఘంటసాల పాడి చూపించారు. మాట స్పష్టంగా వినబడాలి, అర్థం ఎక్కడ విరుగుతుందో స్వరం అక్కడే విరగాలి, రాగం కొసన ఒక్క మెరుపు చాలు. బళ్ళారి రాఘవ నటనలో కోరినదాన్ని ఘంటసాల గానంలో సాధించారని చెప్పుకోవచ్చు. పద్యాన్ని ఇష్టపడే పాతతరం ఆయన్ను మొదట ఒప్పుకోవడానికి కారణమూ, పద్యమంటే భయపడే కొత్తతరం ఇప్పటికీ వినడానికి కారణమూ అదే.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. సినిమా హాలుకు వెళ్లడానికి డబ్బులు లేని ఇళ్లలోకి సినిమా పాటను తెచ్చింది రేడియోనే. ఆ కేంద్రంతో ముడిపడిన బాలాంత్రపు రజనీకాంతరావు స్వయంగా సినిమా పాటల రచయిత, స్వరకర్త. 'స్వర్గసీమ' (1945)లో భానుమతి పాడిన పావురం పాట ఆయనదే. ఆ పాటకు ఊపిరి రీటా హేవర్త్ నటించిన 'బ్లడ్ అండ్ శాండ్' అనే ఇంగ్లీషు సినిమా నుంచి అందింది. ఘంటసాల గొంతు వెండితెర మీద వినబడిన తొలి సినిమాల్లో 'స్వర్గసీమ' ఒకటి.

ఇలాంటి గొలుసులు దొరికేకొద్దీ సంగీతాభిమానికి ఆకలి పెరుగుతుంది. 'మాయాబజార్' (1957) సంగీతం ఎవరిది? టైటిల్స్‌లో ఘంటసాల పేరుంటుంది. కానీ సాలూరు రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టాక తప్పుకుంటే మిగతాది ఘంటసాల పూర్తిచేశారు. ఆ బాణీలేవో చెవితో గుర్తుపట్టడం ఒక ఆట. ఘటోత్కచుడి విందు పాట ఇంకా పాతది. మాధవపెద్ది సత్యం పాడకముందే నాటకాల్లో, గ్రామఫోను రికార్డుల్లో జనం విన్న వరస అది. 'జగదేకవీరుని కథ' (1961)లో దర్బారీ కానడ రాగంలో ఘంటసాల పాడిన దేవీస్తుతికి బాణీ కట్టిన పెండ్యాల నాగేశ్వరరావు కూడా కృష్ణా జిల్లా మనిషే. 'దేవదాసు' (1953) సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ సినిమా విడుదల చూడకుండానే 1952లో కన్నుమూశారు. మిగిలిన పని ఆయన శిష్యులు విశ్వనాథన్, రామమూర్తి చేశారు.

ఈ వివరాలన్నీ గాల్లో కలిసిపోకుండా పట్టి ఉంచింది కూడా అభిమానులే. చెన్నైలో ఉన్న వి.ఎ.కె. రంగారావు వేలకొద్దీ గ్రామఫోను రికార్డులు సేకరించారు. ఏ పాట ఏ పాటకు అనుకరణో, ఏ రికార్డు మీద ఎవరి పేరు తప్పుపడిందో మొహమాటం లేకుండా రాశారు. నచ్చని పాటను నచ్చలేదని చెప్పడంలో ఆయనదీ సినీఫాన్ దారే.

గుడివాడ నుంచి రెండు జట్లు

భవానీపురంలో టీకొట్టు దగ్గర ఎవరినైనా అడగండి, పాత సినిమాల మాట చివరకు ఎన్టీఆరా, ఏఎన్నారా అన్నదగ్గరికే వస్తుంది. నిమ్మకూరు, అక్కినేని పుట్టిన రామాపురం, ఘంటసాల చౌటపల్లి, మూడూ గుడివాడ చుట్టుపక్కలవే. 1922 డిసెంబరుకూ 1924 సెప్టెంబరుకూ మధ్య ముగ్గురూ పుట్టారు. అక్కినేని కూడా నాటకాల్లో ఆడవేషాలతోనే మొదలుపెట్టారు. బెజవాడ రైల్వే స్టేషన్లో ఆయన్ను చూసి ఘంటసాల బలరామయ్య 'సీతారామ జననం' (1944)కు రాముడిగా తీసుకున్నారన్నది స్టేషన్లో రైలు ఆగిన ప్రతిసారీ చెప్పుకోదగ్గ కథ.

రెండు జట్లలో తెలివైనవాళ్లు ఎదుటి హీరోను తిట్టరు. తమ హీరో చేయలేనిది ఏమిటో ఒప్పుకుంటారు. ఎన్టీఆర్ పక్షం వాళ్లే 'దేవదాసు' తమవాడు చేయలేడని అంటారు. ఏఎన్నార్ పక్షం వాళ్లే మయసభలో దుర్యోధనుడైన ఎన్టీఆర్ దగ్గర తలొంచుతారు. కూచిపూడి నుంచి వచ్చిన వేదాంతం రాఘవయ్య 'దేవదాసు' తీస్తున్నప్పుడు అక్కినేనితో రాత్రిపూట షూటింగులు చేయించారు. నిద్ర లేని కళ్లు తాగుడు కళ్లుగా పనికొచ్చాయి. నాట్యం చేసే కుటుంబం నుంచి వచ్చిన దర్శకుడు నటుడి ఒంటిని కదలనివ్వకుండా కళ్లతోనే బండి నడిపించడం విచిత్రమే.

సావిత్రి దగ్గరికొచ్చేసరికి జట్లు ఉండవు. 'మిస్సమ్మ' (1955)కు మొదట అనుకున్నది భానుమతిని. వేషం సావిత్రికి వచ్చింది. భానుమతి అయితే ఆ మేరీ ఇంకా కొరకరాని కొయ్యగా ఉండేదని కొందరూ, సావిత్రి చేతిలో ఆ కోపానికి ఒక బెంగ తోడయిందని కొందరూ నేటికీ వాదిస్తారు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు సావిత్రి రంగారావు నడకనూ, తల విదిలింపునూ తన ఒంట్లోకి తెచ్చుకున్న తీరు నటన నేర్చుకునేవాళ్లకు పాఠం. ఆడపిల్ల దేహంలో రాక్షసుడున్నాడని చెప్పడానికి ఆమెకు కెమెరా మాయ అవసరం పడలేదు.

రంగులు, పదిహేడు నిమిషాలు

పాత బొమ్మలను కొత్తగా చూపించే ప్రయత్నాలు కూడా అభిమానులను చీలుస్తూనే ఉన్నాయి. 2010 జనవరిలో 'మాయాబజార్' రంగులద్దుకుని హాళ్లకు వచ్చింది. చిన్నపిల్లలను కూర్చోబెట్టడానికి రంగులు పనికొచ్చాయన్నవారున్నారు. బార్ట్‌లే వెలుగునీడలతోనే వెన్నెల పుట్టించాడు, దానిమీద నీలం పూస్తే వెన్నెల పోయిందన్నవారూ ఉన్నారు. రెండో మాటలో బలం ఎక్కువ. నలుపు తెలుపులో వెన్నెల చూసేవాడి ఊహలో సగం తయారవుతుంది.

2004లో బాలకృష్ణ 'నర్తనశాల'ను మళ్లీ తీయడం మొదలుపెట్టారు. ద్రౌపది సౌందర్య. ఆ ఏప్రిల్లో విమాన ప్రమాదంలో ఆమె మరణించడంతో సినిమా ఆగిపోయింది. తీసినంతమేర, సుమారు 17 నిమిషాలు, 2020 అక్టోబరులో ఆన్‌లైన్‌లో విడుదల చేశారు. 2018లో నాగ్ అశ్విన్ 'మహానటి' వచ్చాక కాలేజీ పిల్లలు సావిత్రి అసలు బొమ్మలు వెతుక్కుని చూడడం మొదలుపెట్టారు. కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన ఆ సినిమా చేసిన పెద్ద ఉపకారం అదే.

సినిమా గురించి నమ్మదగిన మాట రాసిన మనుషులు మనకు మరికొందరు ఉన్నారు. తెనాలి వాడైన కొడవటిగంటి కుటుంబరావు కథలు రాసినంత శ్రద్ధగా సినిమా వ్యాసాలు రాశారు. ముళ్ళపూడి వెంకటరమణ సినిమాలకు మాటలు రాయకముందు పత్రికలో సినిమా సమీక్షలు రాశారు. 'విజయచిత్ర'లో పనిచేసిన రావి కొండలరావు నలుపు తెలుపు రోజుల సంగతులు పోగుచేశారు. వీళ్లలో ఎవరూ సినిమాను దూరం నుంచి చూసి తీర్పు చెప్పినవాళ్లు కారు. అందులో తిరిగి, అందులో తిని, అయినా తప్పును తప్పన్నారు.

కొత్తగా చూసేవారికి ఒక వరస

ఇంట్లో పిల్లలు పాత సినిమా అనగానే ముఖం ముడుచుకుంటే ఒక్కసారిగా మూడు గంటల పౌరాణికం ముందు కూర్చోబెట్టకండి. 'గుండమ్మ కథ'తో మొదలుపెట్టండి. మాటలు సూటిగా ఉంటాయి, సూర్యకాంతం ఉన్నంతసేపూ ఎవరూ లేచి వెళ్లరు. తర్వాత 'మిస్సమ్మ', ఆ తర్వాత 'మాయాబజార్', అదీ నలుపు తెలుపు ప్రతి. పద్యం చెవికి అలవాటయ్యాక 'నర్తనశాల' చూపించండి. యుగళగీతం వచ్చేటప్పుడు పెదకళ్ళేపల్లి తాతగారి సంగతి చెప్పండి.

సంగీతం కోసమే చూసేవాళ్లు 'మల్లీశ్వరి' (1951)లో రాజేశ్వరరావునూ, 'జగదేకవీరుని కథ'లో పెండ్యాలనూ విని, చివర 'శంకరాభరణం' (1980)కు రావచ్చు. దర్శకుడు కె. విశ్వనాథ్‌ది రేపల్లె వైపు పెదపులివర్రు. పాటలు రాసిన వేటూరి సుందరరామమూర్తిది, సుసర్లవారి లాగే, పెదకళ్ళేపల్లి. నలుపు తెలుపు రోజులు వెళ్లిపోయిన తర్వాత కూడా డెల్టా నుంచి ఈ పాట ఆగలేదని ఆ బొమ్మ వింటే తెలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక 'చంద్రహారం' చూడండి. అంత మంచి కెమెరా, అంత మంచి పాటలు, అంతమంది నటులు ఉండి కూడా ఎందుకు ఆడలేదో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. బందరులో ఇరవై అయిదేళ్ల కామేశ్వరరావు చేతికి ఆ బొమ్మ సమీక్షకు వచ్చి ఉంటే ఏ సన్నివేశం దగ్గర కలం ఆపేవాడో ఊహించండి. ఆ ఊహకు మీ కాగితం ఎంత దగ్గరగా ఉందో ఇంట్లోవాళ్లతో వాదించుకోవచ్చు. రాత్రి రెండో ఆట వదిలాక ఇంటిదారి పొడుగునా ఇక్కడివాళ్లు చేసిన పని కూడా అదే.